ఈ కార్డు పనికొస్తదా? పోకెమాన్ కార్డుల ఆటలో తరచుగా అడిగే ప్రశ్నలు

ఆదివారం మధ్యాహ్నం హనుమకొండలో మా ఇంటి స్లాబ్ మీద చాప పరిస్తే ఏడెనిమిది మంది పిల్లలు, ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లు పోకెమాన్ కార్డులు పట్టుకుని కూర్చుంటారు. ఎవరికి కొత్త కార్డు దొరికినా ముందు నా దగ్గరికే తెస్తారు. "అన్నా, ఇది మంచిదేనా?" అని అడుగుతారు. అడిగే మనుషులు మారుతున్నారు గానీ ప్రశ్నలు మాత్రం అవే. అందుకే జవాబులన్నీ ఒకచోట రాసి పెట్టాను. మీకు కావాల్సిన ప్రశ్న వెతుక్కుని అదొక్కటే చదివినా సరిపోతుంది.

## ప్యాక్ విప్పగానే

అన్నా, ఈ కార్డు మంచిదా కాదా, ఒక్క మాటల చెప్పు.

ఒక్క మాటలో చెప్పలేను తమ్మీ, కానీ ఒక్క ప్రశ్న అడుగుతాను. నువ్వు ఓడిపోతున్నప్పుడు ఈ కార్డు చేతికొస్తే సంతోషపడతావా? ప్యాక్ విప్పగానే మనందరం కార్డుకి అచ్చొచ్చిన రోజునే ఊహించుకుంటాం. బెంచ్ (మన మిగతా పోకెమాన్‌లు వరసలో ఎదురుచూసే చోటు) నిండి ఉంటుంది, ఎనర్జీ (దెబ్బ కొట్టడానికి పోకెమాన్‌కి పెట్టే కార్డులు) సిద్ధంగా ఉంటుంది, ఎదుటివాడు చేతులెత్తేస్తాడు. అలాంటి రోజు ఏ కార్డైనా బాగానే కనిపిస్తుంది. బెంచ్ ఖాళీగా ఉండి, చేతిలో మూడే కార్డులున్నప్పుడు కూడా ఏదో ఒక పని చేసిపెట్టే కార్డునే నేను మంచిదంటాను.

మెరిసే కార్డంటే బలమైనదే కదా?

కాదు. కార్డు కింది మూలన ఉండే గుర్తులు అది ఎంత అరుదో చెబుతాయి. వృత్తం ఉంటే మామూలుది, డైమండ్ ఉంటే కొంచెం తక్కువగా దొరికేది, నక్షత్రం ఉంటే అరుదైనది. ఆటలో ఎంత పనికొస్తుందో ఆ గుర్తుకి తెలియదు. అల్ట్రా బాల్ అనే కార్డు మామూలు ముద్రణలోనూ ఉంది, బంగారు రంగులోనూ ఉంది. రెండూ చేసే పని ఒక్కటే.

2022లో వచ్చిన బిబారెల్ అనే కార్డు చూడండి. బొమ్మలో పళ్లు బయటికొచ్చిన ఉడత లాంటి జంతువు ఉంటుంది, పిల్లలు దాన్ని చూసి పక్కన పడేసేవాళ్లు. కానీ అది బెంచ్ మీద ఉంటే టర్న్‌కి ఒకసారి మన చేతిలో ఐదు కార్డులు అయ్యేదాకా డెక్ (ఆటకు కట్టుకున్న కార్డుల కట్ట) నుంచి డ్రా చేసుకోవచ్చు, అంటే తీసుకోవచ్చు. అది చెల్లిన రోజుల్లో పెద్ద పెద్ద పోటీల్లో గెలిచిన డెక్‌లలో కూడా కనిపించింది.

నాకు ఇంగ్లిష్ సరిగ్గ రాదు. కార్డు మీద ముందు ఏం చదవాలె?

అన్నీ అర్థం కానక్కర్లేదు. నాలుగైదు మాటలు పట్టుకుంటే చాలు. 'అప్ టు' అంటే అంతవరకు అని. 'అప్ టు త్రీ' అని ఉంటే ఒకటి తీసుకున్నా, రెండు తీసుకున్నా, మూడు తీసుకున్నా తప్పులేదు. 'మే' అని ఉంటే అది మన ఇష్టం, చేయకపోయినా ఫర్వాలేదు. ఆ మాట లేకపోతే చేసి తీరాలి. 'వన్స్ డ్యూరింగ్ యువర్ టర్న్' అంటే మన టర్న్‌లో ఒక్కసారే. 'ఇఫ్ యు డూ' అంటే ముందు చెప్పిన పని చేస్తేనే తర్వాతది దక్కుతుంది. 'డిస్కార్డ్' అన్న మాట ఎక్కడ కనిపించినా ఆగి చూడండి, అక్కడ మనం ఏదో పోగొట్టుకుంటున్నాం.

'ఈచ్ ప్లేయర్' అని మొదలైతే ఆ పని ఇద్దరికీ జరుగుతుంది. మా దగ్గర ఏడో తరగతి పాప ఈ మాట చూసుకోకుండా కార్డు వేసింది. రెండే కార్డులతో అవస్థ పడుతున్న ఎదుటి అబ్బాయి కొత్తగా నాలుగు కార్డులు డ్రా చేసుకుని, వెంటనే వచ్చిన తన టర్న్‌లో గెలిచాడు.

కింద ఎడమ మూలన చిన్న అక్షరం ఉంది. అదేంది?

దాన్ని రెగ్యులేషన్ మార్క్ అంటారు. స్టాండర్డ్ పద్ధతి పోటీల్లో ఏ కార్డులు చెల్లుతాయో ఆ అక్షరం చూసి చెబుతారు. పాత అక్షరాలను ఎప్పటికప్పుడు తీసేస్తుంటారు. 2025 ఏప్రిల్‌లో 'ఎఫ్' అక్షరం కార్డులు అలాగే పోయాయి. అదే కార్డు కొత్త అక్షరంతో మళ్లీ ముద్రణయితే మీ దగ్గరున్న పాతది కూడా చెల్లుతుంది. ఇంట్లో ఆడుకునేవాళ్లకు ఈ అక్షరంతో పనే లేదు.

పది రూపాయల ప్యాక్‌ల బంగారు రంగు కార్డు వచ్చింది. లెక్కకొస్తదా?

రాదు. బొమ్మల దుకాణాల్లో దొరికే, ప్లాస్టిక్‌లా వంగే బంగారు రంగు కార్డులు నకిలీవి. వాటి మీద హెచ్‌పీలు (పోకెమాన్ ఎంత దెబ్బ ఓర్చుకోగలదో చెప్పే అంకెలు), దెబ్బలు కూడా ఇష్టమొచ్చినట్టు వేసి ఉంటాయి. పోటీల్లో వాటిని ఒప్పుకోరు. చిన్నపిల్లలు ఇంట్లో ఆడుకుంటే తప్పేం లేదు, ఒక మంచి కార్డుకి బదులు మాత్రం వాటిని తీసుకోకండి.

## కార్డుని తూకం వేసేటప్పుడు

హెచ్‌పీ ఎక్కువుంటే చాలు కదా?

హెచ్‌పీతో పాటు అది పడిపోతే ఎదుటివాడికి ఎన్ని ప్రైజులు దక్కుతాయో చూడాలి. ప్రైజులంటే ఆట మొదట్లో ఒక్కొక్కరు పక్కన పెట్టుకునే కార్డులు. ఎదుటివాడి పోకెమాన్‌ని పడగొట్టినప్పుడు వాటిలోంచి తీసుకుంటాం, అన్నీ తీసుకుంటే గెలిచినట్టే. మామూలు పోకెమాన్ పడితే ఒక ప్రైజు, పేరు చివర 'ఈఎక్స్' ఉన్నది పడితే రెండు (పేరు ముందు 'మెగా' కూడా ఉంటే మూడు), 'వీమ్యాక్స్' పడితే మూడు. ఉన్నవే ఆరు ప్రైజులు. అంటే మామూలు ఈఎక్స్‌లు మూడింటిని పడగొడితే ఆట అయిపోయినట్టే. 330 హెచ్‌పీ ఉన్న ఈఎక్స్ పక్కన 120 హెచ్‌పీ ఉన్న మామూలు పోకెమాన్ చిన్నగా కనిపిస్తుంది. కానీ అది ఒకే ప్రైజు ఇచ్చి పడిపోతుంది, పడేలోపు ఎదుటివాడి ఈఎక్స్ ఒకదాన్ని పడగొట్టిందంటే మనకు రెండు ప్రైజులు వచ్చాయి.

కార్డు కింది భాగంలో వీక్‌నెస్ ఉంటుంది, అక్కడ చూపిన రకం పోకెమాన్ కొడితే దెబ్బ రెట్టింపు. మీ చుట్టుపక్కల ఎక్కువమంది నీటి డెక్ ఆడుతుంటే, నీటికి వీక్‌నెస్ ఉన్న 300 హెచ్‌పీ వాళ్ల ముందు 150తో సమానం.

దెబ్బ 120 అంటే మంచిదేనా?

ఎన్ని దెబ్బల్లో పడగొడుతుందని లెక్కపెట్టండి. ఎదురుగా 330 హెచ్‌పీ ఉందనుకుందాం. 110 కొట్టే అటాక్‌కి మూడు దెబ్బలు కావాలి. 120కీ మూడే, 150కీ మూడే. 160 అయితే రెండు దెబ్బలకు 320 అవుతుంది, ఇంకా 10 మిగులుతుంది కాబట్టి మూడో దెబ్బ తప్పదు. 170 అయితే రెండు దెబ్బలకే పని పూర్తవుతుంది. 110 నుంచి 160 దాకా యాభై పెరిగినా ఫలితం మారలేదు, అక్కడి నుంచి పది పెరిగేసరికి ఒక టర్న్ మిగిలింది. అందుకే దెబ్బకి పది, ఇరవై కలిపే చిన్న కార్డులు కొన్ని డెక్‌లలో బంగారం లాంటివి, మిగతా డెక్‌లలో వాటితో పనే ఉండదు.

రెండో లెక్క ఎనర్జీది. టర్న్‌కి చేతి నుంచి ఒక్క ఎనర్జీ మాత్రమే పెట్టొచ్చు. మూడు ఎనర్జీలు అడిగే అటాక్ అంటే, వేరే సాయం లేకపోతే ఆ పోకెమాన్ వచ్చిన మూడో టర్న్‌కి గానీ కొట్టలేదు. ఆ రెండు టర్న్‌లూ అది నిలబడుతుందా?

ఖర్చంటే ఎనర్జీ ఒక్కటేనా?

కాదు, ఎక్కువమంది తప్పులో కాలేసేది ఇక్కడే. కార్డు మనల్ని ఏమేం అడుగుతుందో అదంతా ఖర్చే. ఎనర్జీ ఖర్చు, చేతిలో కార్డు పారేయడం ఖర్చు, బెంచ్ మీద చోటు ఖర్చు. సపోర్టర్, ఐటమ్ అనేవి మనకు సాయం చేసే ట్రెయినర్ కార్డుల్లో రెండు రకాలు. సపోర్టర్ కార్డుని టర్న్‌కి ఒక్కటే వేయగలం, కాబట్టి ఒకటి వేశామంటే చేతిలో ఉన్న ఇంకో సపోర్టర్‌ని ఆ టర్న్‌కి వదులుకున్నట్టే. ఐటమ్ కార్డులకు ఆ హద్దు లేదు. ఒకే పని సపోర్టర్ కార్డూ చేస్తూ, ఐటమ్ కార్డూ చేస్తుంటే ఐటమ్‌దే పైచేయి.

అల్ట్రా బాల్ తీసుకోండి. చేతిలో వేరే రెండు కార్డులు పారేస్తే డెక్‌లో ఏ పోకెమాన్‌నైనా వెతికి తెచ్చుకోవచ్చు. కాజీపేట జంక్షన్ లాంటి కార్డు అది. అక్కడికి చేరితే సికింద్రాబాద్ వైపూ పోవచ్చు, బల్లార్షా వైపూ పోవచ్చు, విజయవాడ వైపూ పోవచ్చు. మొదటి టర్న్‌లో చేతిలో ఏడు కార్డులున్నప్పుడు రెండు పారేయడం పెద్ద బాధ కాదు. ఆట చివర్లో చేతిలో అల్ట్రా బాల్, ఇంకో కార్డు, అంతే ఉన్నాయనుకోండి. పారేయడానికి రెండు లేవు కాబట్టి అసలు వేయనే లేరు. నెస్ట్ బాల్‌కి అలాంటి ఖర్చేమీ లేదు, కానీ బేసిక్ పోకెమాన్‌నే (నేరుగా దించగలిగే మొదటి దశది) తెస్తుంది, అదీ నేరుగా బెంచ్ మీదికి. బెంచ్ నిండి ఉంటే అది కూడా వృథాయే.

చిత్రంగా, కొన్ని డెక్‌లలో అల్ట్రా బాల్ ఖర్చే లాభమవుతుంది. డిస్కార్డ్‌లో (పారేసిన కార్డుల కుప్పలో) ఉన్న ఎనర్జీని తిరిగి తెచ్చుకునే పోకెమాన్ మీ డెక్‌లో ఉంటే, ఎనర్జీలు పారేయడానికి మీరే దారులు వెతుక్కుంటారు.

ఎప్పుడూ 'ఓడిపోతున్నప్పుడు' అంటవ్. గెలుస్తున్నప్పుడు బాగుంటే చాలదా?

గెలుస్తున్నప్పుడు మీకు ఆ కార్డు లేకపోయినా గెలుస్తారు కాబట్టి చాలదు. ఉదాహరణగా 2023లో వచ్చిన అయోనో అనే సపోర్టర్ చూద్దాం. అది వేస్తే ఇద్దరి చేతిలోని కార్డులూ వాళ్ల వాళ్ల డెక్ అడుగుకి పోతాయి. తర్వాత ఎవరికి ఎన్ని ప్రైజులు మిగిలి ఉన్నాయో వాళ్లు అన్ని కార్డులు డ్రా చేసుకుంటారు.

ఆట మొదట్లో వేస్తే ఇద్దరికీ ఆరేసి వస్తాయి. ఫర్వాలేదు. ఇప్పుడు మీరు బాగా వెనకబడ్డారు, మీకు ఐదు ప్రైజులు మిగిలాయి, ఎదుటివాడికి ఒక్కటే. అతను చేతిలో తొమ్మిది కార్డులు విసనకర్రలా పట్టుకుని, వచ్చే టర్న్‌లో ఏం చేయాలో ముందే అనుకుని నవ్వుతున్నాడు. మీరు అయోనో వేశారు. ఆ తొమ్మిదీ డెక్ అడుగుకి పోయాయి, అతని చేతికి ఒకే ఒక్క కార్డు వచ్చింది, మీకు ఐదు. అలా తిరగబడ్డ ఆటలు మా చాప మీదే చాలా చూశాను. మీరే ముందున్నప్పుడు అదే కార్డు వేస్తే మీకు ఒకటి, అతనికి ఐదు వస్తాయి. అప్పుడు అది మీకే నష్టం. కార్డు అదే, మారింది సమయం.

అందుకే ఏ కొత్త కార్డునైనా నేను నాలుగు సందర్భాల్లో ఊహించుకుంటాను. మొదటి ఏడింటిలో వస్తే ఏమవుతుంది, మూడో టర్న్‌లో వస్తే ఏమవుతుంది, వెనకబడ్డప్పుడు వస్తే ఏమవుతుంది, ఆఖరి ప్రైజు దగ్గర వస్తే ఏమవుతుంది? నాలుగింటిలో రెండు చోట్ల పనికొస్తే ఆలోచిస్తాను, మూడు చోట్లయితే పెడతాను. ఒక్కచోటే పనికొచ్చినా, అది వెనకబడ్డ చోటే అయితే ఒకటి రెండు పెట్టుకుంటాను.

రెండు కార్డులు ఒక్కతీరే ఉన్నయ్. ఏది ఉంచాలె?

ఖర్చు ఒకటే అయితే ఎక్కువ పని చేసేది ఉంచాలి, పని ఒకటే అయితే తక్కువ ఖర్చుది ఉంచాలి. రెండూ తేడాగా ఉంటే, ఎక్కువసార్లు వేయగలిగేది ఏదో చూసి దాన్ని ఉంచండి. వేయలేని పెద్ద కార్డు కంటే వేయగలిగే చిన్న కార్డే నయం.

## డెక్‌లో పెట్టేటప్పుడు

ఒకటి పెట్టాల్నా, నాలుగు పెట్టాల్నా?

డెక్ 60 కార్డులు, మొదటి చేయి 7 కార్డులు. ఒక కార్డు ఒకటే పెడితే అది మొదటి చేతిలో ఉండే అవకాశం సుమారు 12 శాతం. రెండు పెడితే 22, మూడు పెడితే 32, నాలుగు పెడితే 40 శాతం. నాలుగు కంటే ఎక్కువ పెట్టనివ్వరు, బేసిక్ ఎనర్జీలు తప్ప. అంటే నాలుగు పెట్టినా పది ఆటల్లో ఆరింట్లో మొదటి చేతిలో అది ఉండదు. ఈ లెక్క తెలిశాక చాలామంది డెక్‌ని మళ్లీ విప్పి కూర్చున్నారు.

మొదటి టర్న్‌లోనే కావాల్సినవి నాలుగు పెట్టండి. ఆట మధ్యలో ఒక్కసారి కావాల్సినవి రెండు చాలు. రెండోది చేతికొస్తే బరువయ్యేది ఒకటే పెట్టండి. ఒకటే పెడితే ఇంకో ప్రమాదం ఉంది. ఆట మొదట్లో ఆరు కార్డులు ప్రైజులుగా పక్కకి పోతాయి, 60లో 6 అంటే పది శాతం. మీ ఒక్కగానొక్క కార్డు పది ఆటల్లో ఒకదాంట్లో అక్కడే బోర్లా పడి ఉంటుంది. అది లేకపోతే మీ డెక్ నడవదంటే రెండోది పెట్టి తీరాలి.

అందరు మంచి కార్డంటున్నరు. నా డెక్‌ల మాత్రం పనిచేస్తలేదు. ఎందుకు?

పత్తాలాటలో చూడండి. చేతిలో ఇస్పేటు ఏడు, ఎనిమిది ఉన్నవాడికి తొమ్మిది దొరికితే పండగే. పక్కవాడికి అదే తొమ్మిది దొరికితే, ఎప్పుడు కింద పడేద్దామా అని చూస్తాడు. ముక్కలో తేడా లేదు, పక్కనున్న ముక్కల్లో ఉంది.

మొన్న మా దగ్గర తొమ్మిదో తరగతి అబ్బాయి చేతిలో చారిజార్డ్ ఈఎక్స్ ఉంది, రేర్ కాండీలు (బేసిక్‌ని నేరుగా చివరి దశకు పెంచే కార్డులు) రెండున్నాయి. 330 హెచ్‌పీ, వచ్చీరాగానే డెక్ నుంచి మూడు నిప్పు ఎనర్జీల దాకా తెచ్చి పెట్టగల కార్డు. ఎదుటివాడు తీసుకున్న ప్రతి ప్రైజుకీ దాని దెబ్బ 30 చొప్పున పెరుగుతుంది, అంటే వెనకబడ్డకొద్దీ బలపడుతుంది. నాకు చాలా ఇష్టమైన కార్డు. కానీ బెంచ్ మీద చారిజార్డ్‌గా ఎదగాల్సిన బేసిక్ చార్మాండర్ లేదు. రేర్ కాండీ వేయాలంటే కింద బేసిక్ ఉండాలి, అదీ అంతకుముందు టర్న్‌లోనే వచ్చి ఉండాలి. ఆ అబ్బాయి నాలుగు టర్న్‌ల పాటు చారిజార్డ్ స్లీవ్ (కార్డుకి తొడిగే ప్లాస్టిక్ కవరు) అంచుని బొటనవేలితో రుద్దుతూనే ఉన్నాడు. ఆట అయిపోయాక డెక్ తిరగేసి చూస్తే చార్మాండర్లు రెండే ఉన్నాయి, చారిజార్డ్‌లు నాలుగు. మేం చేసిందల్లా ఒక చారిజార్డ్ తీసి రెండు చార్మాండర్లు కలపడం, చోటు కోసం ఇంకో కార్డు తగ్గించడం. వచ్చే ఆదివారానికల్లా అదే చారిజార్డ్ 'మంచి కార్డు' అయింది.

61వ కార్డు పెట్టాలనిపిస్తుంది. ఏది తీసెయ్యాలె?

డెక్ మొత్తం పరిచి, ఏ కార్డుని చూసి "ఎప్పుడైనా అవసరం పడొచ్చు" అనుకుంటారో దాన్ని ముందు తీయండి. ఎప్పుడో పడే అవసరానికి పెట్టిన కార్డు, రోజూ పడే అవసరానికి చోటు లేకుండా చేస్తుంది. కొత్త కార్డు చేసే పనిని డెక్‌లో ఇప్పటికే ఏదైనా చేస్తోందా అని కూడా చూడండి. చేస్తుంటే ఆ రెండింటి మధ్యే పోటీ పెట్టండి, మిగతా 59 జోలికి పోవద్దు.

పెద్ద టోర్నమెంట్ గెలిచిన డెక్‌ల ఉంది. అయితే మంచిదే కదా?

ఆ డెక్‌లో మంచిదే. అక్కడ ఎదురయ్యే డెక్‌లను చూసుకుని ఆ ఆటగాడు దాన్ని పెట్టుకున్నాడు. మీ ఎదురుగా కూర్చునేది వీధిలో స్నేహితుడు, అతని డెక్ వేరు. ఆ జాబితా నుంచి ఒక్క కార్డు పట్టుకొచ్చే ముందు, దాన్ని అక్కడ ఏ రెండు మూడు కార్డులు మోస్తున్నాయో చూడండి. అవి మీ దగ్గర లేకపోతే ఇదొక్కటీ తెచ్చి లాభం లేదు.

## ఆడి చూసేటప్పుడు

ఎన్ని ఆటలాడితే తెలుస్తది?

కనీసం పది అంటాను, అదీ రాసుకుంటూ ఆడితేనే. పక్కన చిన్న కాగితం పెట్టుకోండి. ఆ కార్డు చేతికొచ్చిన ప్రతిసారీ ఒక గీత. వచ్చినప్పుడు "హమ్మయ్య" అనిపిస్తే టిక్కు, "ఇప్పుడెందుకొచ్చింది" అనిపిస్తే ఇంటూ. ఆట గెలిచారా ఓడారా అన్నది ఆ కాగితం మీద రాయకండి, అది మనసుని పక్కకి లాగుతుంది. పది ఆటల తర్వాత ఇంటూలు ఎక్కువుంటే కార్డు సంగతి తేలినట్టే.

ఒక చిన్న ఉపాయం ఉంది. ఒకటే పెట్టి పరీక్షిస్తే సగం ఆటల్లో అది కంటికి కూడా కనిపించదు. అందుకని పరీక్ష నడిచినన్నాళ్లూ మూడో నాలుగో పెట్టండి. తేలాక అసలు సంఖ్యకి తగ్గించుకోండి.

కొనకుండనే ఆడి చూసే దారి లేదా?

ఉంది. తెల్లకాగితం ముక్క మీద కార్డు పేరు, అది చేసే పని రాసి, ఏదైనా పాత కార్డు ముందు పెట్టి స్లీవ్‌లో దూర్చండి. స్నేహితుల మధ్య దీన్ని అందరూ ఒప్పుకుంటారు, పోటీల్లో మాత్రం కుదరదు. ఫోన్‌లో పోకెమాన్ టీసీజీ లైవ్ అనే ఉచిత యాప్ ఉంది, అందులో నడిచేది ఈ అరవై కార్డుల ఆటే. అక్కడ కూడా పరీక్షించుకోవచ్చు. డబ్బు ఖర్చు పెట్టేముందు ఈ రెండిట్లో ఒకటి చేయమని పిల్లలని బతిమాలుతుంటాను.

నిన్న ఈ ఒక్క కార్డే గెలిపించింది. ఉంచాల్నా?

ఒక్క ఆట చూసి ఏదీ తేల్చకండి. గెలిపించిన రోజు బాగా గుర్తుంటుంది. చేతిలో ఊరికే కూర్చున్న రోజులు గుర్తుండవు. ఎనుమాముల మార్కెట్‌లో బస్తా పైన కనిపించే మిరపకాయల్ని చూసే ధర కట్టరు, లోపలికి చెయ్యి పెట్టి తీసి చూస్తారు. మీరు కూడా ఆ కార్డు ఊరికే పడి ఉన్న నాలుగైదు ఆటల్ని గుర్తు చేసుకుని చూడండి.

పాకెట్ యాప్‌ల సూపర్ ఉన్న కార్డు, అసలు ఆటలో కూడా అంతేనా?

అంతే అనుకోవద్దు. పాకెట్ అంటే ఫోన్‌లో ఆడే పొట్టి పోకెమాన్ కార్డుల ఆట. పాకెట్‌లో డెక్ 20 కార్డులే, ఒక్కోటి రెండే పెట్టొచ్చు, మూడు పాయింట్లకే ఆట అయిపోతుంది. ఎనర్జీ డెక్‌లో ఉండదు, దాదాపు ప్రతి టర్న్ దానంతటదే వస్తుంది. అంత చిన్న ఆటలో ఆలస్యంగా మేల్కొనే కార్డుకి టైమే దొరకదు. అరవై కార్డుల ఆటలో అదే కార్డుకి ఊపిరి పీల్చుకునే సమయం ఉంటుంది. అక్కడ బలహీనమైనది ఇక్కడ నిలబడొచ్చు, అక్కడ బలమైనది ఇక్కడ తేలిపోనూ వచ్చు.

## మార్చుకునేటప్పుడు, కొనేటప్పుడు

ధర ఎక్కువుందంటే ఆటలో కూడా గట్టిదే అయి ఉంటది కదా?

ధర కట్టేవాళ్లలో ఆడేవాళ్లతో పాటు దాచుకునేవాళ్లు కూడా ఉంటారు. ఇంగ్లిష్‌లో 1999లో వచ్చిన మొట్టమొదటి సెట్‌లోని చారిజార్డ్ ప్రపంచంలోనే పేరుమోసిన కార్డు, లక్షలు పెట్టి కొంటారు. ఆటలో దాని సంగతి చూడండి. స్టేజ్ 2 (బేసిక్ నుంచి రెండు మెట్లు ఎదిగాక వచ్చేది), 120 హెచ్‌పీ. 100 దెబ్బ కొట్టాలంటే నాలుగు నిప్పు ఎనర్జీలు కావాలి, కొట్టిన ప్రతిసారీ వాటిలో రెండు పారేయాలి. అదే సెట్‌లో హిట్‌మాన్‌చాన్ అనే బేసిక్ పోకెమాన్ ఉంది. 70 హెచ్‌పీ, ఒకే ఒక్క ఎనర్జీతో 20 కొడుతుంది. ఆ రోజుల్లో పోటీల్లో గెలిచింది హిట్‌మాన్‌చాన్ లాంటి చురుకైన బేసిక్‌లతో కట్టిన డెక్‌లే. చారిజార్డ్ నాలుగో ఎనర్జీ కోసం చూస్తుండగానే ఆట సగం అయిపోయేది.

నాలుగు కార్డులిస్తే ఒక పెద్ద కార్డిస్త అంటున్నడు. ఇయ్యాల్నా?

మీరు ఇచ్చే నాలుగూ ఇప్పుడు డెక్‌లో ఆడుతున్నాయా, డబ్బాలో ఉన్నాయా? డబ్బాలోవైతే సంతోషంగా ఇచ్చేయండి. ఆడుతున్నవైతే, వచ్చే కార్డు ఒక్కటే ఆ నాలుగు పనులూ చేయదు కదా. చిన్నప్పుడు నేను కూడా ఒక దుకాణంలో మెరిసే కార్డు కోసం, నాలుగేసి చొప్పున కూడబెట్టుకున్న ట్రెయినర్ కార్డులన్నీ ఇచ్చేశాను. మళ్లీ అన్ని కూడబెట్టుకోవడానికి ఏడాది పట్టింది. చిన్నపిల్లలతో పెద్దవాళ్లు మార్పిడి చేసేటప్పుడు వాళ్ల అమ్మనో నాన్ననో పక్కన కూర్చోబెట్టుకోవాలని మా దగ్గర ఒక నియమం పెట్టుకున్నాం.

తమ్ముడూ, మా బాబు పాకెట్ మనీ అంతా ప్యాక్‌లకే పోతుంది. ఏం కొనమంటారు?

అక్కా, డెక్ బాగుపడాలంటే ప్యాక్‌ల కంటే విడి కార్డులు నయం. ప్యాక్‌లో ఏముందో ఎవరికీ తెలియదు, బాబుకి కావాల్సింది రావాలని లేదు. మొదట రెడీగా కట్టి అమ్మే 60 కార్డుల డెక్ ఒకటి కొనివ్వండి, దాంతో నెలరోజులు ఆడనివ్వండి. ఆ తర్వాత "ఏ కార్డు కావాలి, ఎందుకు కావాలి, దేన్ని తీసేసి పెడతావు?" అని అడగండి. మూడింటికీ జవాబు చెబితే ఆ ఒక్క కార్డు కొనండి. పుట్టినరోజుకి సరదాగా ఒక ప్యాక్ విప్పడం వేరే సంతోషం, దాన్ని కాదనను.

మ్యాజిక్, యూగీఓ కార్డులకు కూడ ఇదే లెక్కా?

ఆలోచించే తీరు అదే, ఖర్చు మాత్రం ఒక్కో ఆటలో ఒక్కోలా ఉంటుంది. మ్యాజిక్‌లో దాదాపు ప్రతి కార్డుకీ మానా (కార్డు వేయడానికి కట్టాల్సిన శక్తి) ఖర్చు రాసి ఉంటుంది కాబట్టి పోల్చడం తేలిక. లైట్నింగ్ బోల్ట్, షాక్ రెండిటికీ ఒక్కో ఎర్ర మానాయే ఖర్చు, మొదటిది 3 దెబ్బ, రెండోది 2. 1993 నాటి బ్లాక్ లోటస్ ఏ ఖర్చూ లేకుండా మూడు మానాలు ఇస్తుంది, అందుకే అంత పేరు. యూగీఓలో మానా లేదు, అక్కడ ఖర్చంటే కార్డులే. బ్లూ ఐస్ వైట్ డ్రాగన్‌కి 3000 అటాక్ ఉంది కానీ మామూలుగా దించాలంటే అప్పటికే బల్ల మీదున్న రెండింటిని బలి ఇవ్వాలి, అంటే ఒకదానికోసం మూడు కార్డులు. పాట్ ఆఫ్ గ్రీడ్ ఏమీ అడగకుండా రెండు కార్డులు డ్రా చేయిస్తుంది. అది ఏ డెక్‌లోనైనా పనికొస్తుంది కాబట్టే పోటీల్లో నిషేధించారు.

నాకిష్టమైన పోకెమాన్ కార్డు బలహీనమైనది. అయినా ఆడొచ్చా?

తప్పకుండా ఆడు. ఒక్క పని చేయి. అది బలమైనదని నీకు నువ్వు చెప్పుకోకు, దాని లోటు ఏమిటో తెలుసుకుని మిగతా డెక్‌ని దానికి సాయంగా కట్టు. నెమ్మదిగా లేస్తుందంటే ముందు నిలబడి దెబ్బలు కాసేది ఒకటి పెట్టు. ఎనర్జీ ఎక్కువ అడుగుతుందంటే ఎనర్జీ తెచ్చిపెట్టేది ఒకటి చూసుకో. మా దగ్గర ఒక పాప లాప్రాస్ లేకుండా డెక్ కట్టనంటుంది. ఓడిన ప్రతిసారీ లాప్రాస్‌ని తీయదు, దాని చుట్టూ ఉన్నవాటిలో రెండు కార్డులు మారుస్తుంది. పోయిన ఆదివారం అదే లాప్రాస్‌తో నన్ను రెండాటలు ఓడించింది.